జొన్నగింజలోని జమాఖర్చు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు తొలి బీరువా వచ్చిననాడు, దానిలోని పుస్తకముల పట్టికను వ్రాసినవాడను నేను. ఆ చనువుచేత కార్యవర్గమువారు నన్ను ‘మన ప్రాచీన కావ్యములు’ అను విషయముపై మాటాడుమని కోరిరి. నేను వారిని బతిమాలి వేరొక విషయము తీసికొంటిని. అది ‘ల్యూసిన్’ అను ఒక అమైనో ఆమ్లము. ఈ మాట వినగానే ముందు వరుసలోని మిత్రులు కొందరు నవ్వుచున్నారు. వారి నవ్వు న్యాయమైనదే. సహకార సంఘములో లెక్కలు వ్రాసికొనువాడు, పదవ తరగతితో బడికి నమస్కారము పెట్టినవాడు, బాలవ్యాకరణమును నిఘంటువును ప్రక్కన పెట్టుకొని భారత భాగవతములను తనకు తానే చదువుకొన్నవాడు రసాయనశాస్త్రము చెప్పుటకు పూనుకొనుట వింతయే. కాని ఈ విషయము నాకు లెక్కల దారినే వచ్చినది. లెక్కల భాషలోనే చెప్పెదను. తప్పులున్నచో మన ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు సభలోనే ఉన్నారు, సవరింపగలరు.

కిందటి వేసవిలో, పోలీసు ఉద్యోగపు ఎంపికకు పరుగు సాధన చేయుచున్న మన యూరి కుఱ్ఱవాడొకడు సంఘము కచేరికి వచ్చి నా బల్లమీద ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా పెట్టెను. “పెదనాయనా, దీనిమీద ల్యూసిన్, ల్యూసిన్ అని మూడుచోట్ల ఉన్నది. నీవు సంస్కృతము చదివినవాడవు గదా, ఇదేమి మాట?” అని అడిగెను. ఆ డబ్బా ఖరీదు రెండువేల రూపాయలకు పైబడినది. వాని తల్లి రెండు గేదెల పాలను పాలకేంద్రమునకు పోసి, ఆ డబ్బుతో కొనిపెట్టినది. నాకు అర్థము తెలియలేదు. తెలిసికొని చెప్పెదనంటిని. ఆ వెదకుటలో మన గ్రంథాలయములోని నాలుగు పుస్తకములు, పట్టణపు గ్రంథాలయములోని మరికొన్ని, ఉపాధ్యాయుల సహాయము, అన్నియు అక్కఱకు వచ్చినవి. తుదకు ఆ వెదకులాట నన్ను మా తాతగారి చిట్టా పుస్తకమునొద్దకు కొనిపోయి నిలిపినది. ఆ మాట తరువాత చెప్పెదను.

మొదట పేరు. అది సంస్కృతము కాదు, గ్రీకు. ‘ల్యూకోస్’ అనగా తెలుపు. 1819వ సంవత్సరమున ఫ్రెంచి రసాయనవేత్త జోసెఫ్ ప్రూస్ట్ జున్నునుండి ఒక తెల్లని పదార్థమును తీసెను. మరుసటి యేడు, 1820లో, హెన్రీ బ్రాకొన్నో అను మఱొక ఫ్రెంచి విద్వాంసుడు మాంసపు పోగులనుండియు, ఉన్నినుండియు దానిని శుద్ధముగా వేరుచేసి, తెల్లగా మెఱయు పలుకులను జూచి ల్యూసిన్ అని నామకరణము చేసెను. మన భాషలో పేరు పెట్టవలసివచ్చినచో ‘శ్వేతకము’ అనవచ్చును. దాని ఒక్కొక్క అణువులో ఆరు కర్బన పరమాణువులు, పదమూడు ఉదజని పరమాణువులు, ఒక నత్రజని, రెండు ప్రాణవాయు పరమాణువులు ఉండును. ఇంతే దాని ఆస్తి.

ఇక దాని ఉద్యోగము. మన శరీరములో నీటిని విడిచిచూచినచో మిగిలిన దానిలో పెద్దపాలు మాంసకృత్తులది. కండ మాంసకృత్తు, వెండ్రుక మాంసకృత్తు, రక్తములో ప్రాణవాయువును మోయునది మాంసకృత్తు, అన్నమును అరిగించు ఎంజైములును మాంసకృత్తులే. ఈ మాంసకృత్తులన్నియు ఇరువది రకముల అమైనో ఆమ్లముల గొలుసులు. యాబదియాఱు అక్షరములతో మన వాఙ్మయమంతయు పుట్టినట్లే, ఈ ఇరువది అక్షరములతో ప్రాణిలోకమంతయు వ్రాయబడినది. వీనిలో పదునొకటిని మన శరీరము తానే తయారుచేసికొనగలదు. తక్కిన తొమ్మిదియు ఆహారమువలననే రావలెను. అందుచేత వానిని ఆవశ్యక అమైనో ఆమ్లములందురు. ల్యూసిన్ ఆ తొమ్మిదిలోనిది.

మన వ్రాతలో కొన్ని అక్షరములు మాటిమాటికి వచ్చును, కొన్ని అరుదుగా వచ్చును. ప్రాణుల వ్రాతలో మిక్కిలి తఱచుగా వచ్చు అక్షరము ల్యూసిన్. మాంసకృత్తులలో ఇంచుమించు పదింట ఒకటి ఇదియే. మన కణములలోని వంశలిపి మూడేసి గుఱుతులను ఒక మాటగా కూర్చును. అట్టి మాటలు మొత్తము 64. అందు కొన్ని అమైనో ఆమ్లములకు ఒకే మాట ఉండగా, ల్యూసిన్‌కు ఆరు మాటలున్నవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క చేవ్రాలు చాలినచోట, ఆరు చేవ్రాళ్లు గల పెద్దమనిషి వంటిదన్నమాట.

దీని స్వభావమును గుఱించి ఒక మాట. ల్యూసిన్ అణువుకు ఒక ప్రక్క కొమ్మవలె చీలిన భాగమున్నది. అది నూనెవంటిది, నీటికి దూరముగా తొలగును. శరీరమంతయు నీటిమయము గదా! కావున మాంసకృత్తు గొలుసు తయారుకాగానే దానిలోని ల్యూసిన్లు నీటికి వెఱచి లోపలికి ముడుచుకొనును. ఆ ముడుచుకొనుటచేతనే గొలుసు ఉండగా చుట్టుకొని, తన పనికి తగిన ఆకారమును పొందును. పొడవాటి దారమునకు పనిలేదు, చుట్టుకొన్న ఉండకే పని.

పద్యము నెఱిగినవారికి మఱొక ముచ్చట. యతికి ఒక స్థానము, ప్రాసకు ఒక స్థానము నియమితమైనట్లే, వంశలిపిని పట్టుకొని పనిచేయించు కొన్ని మాంసకృత్తులలో ప్రతి ఏడవ స్థానమునను ల్యూసిన్ వచ్చుచుండును. అట్టి గొలుసులు రెండు ప్రక్కప్రక్కకు వచ్చినప్పుడు ఆ ల్యూసిన్లు ఒకదాని నొకటి అంటుకొని రెంటిని జత చేయును. మన సంచులకుండు జిప్పువలె అతుకుటచేత, 1988లో దీనిని కనిపెట్టినవారు ‘ల్యూసిన్ జిప్పర్’ అని పేరు పెట్టిరి. ఆ విషయము చదివిన రాత్రి నాకు చాలసేపు నిద్రపట్టలేదు. నియమము కవికే గాదు, కణమునకును ఉన్నది.

ఇంతవఱకు ల్యూసిన్ ఇటుకవంటిది. కాని అది ఇటుక మాత్రమే కాదు, వార్తాహరుడు కూడ. భోజనానంతరము రక్తములో ల్యూసిన్ పెరుగగానే, ప్రతి కణములోను ‘ఎమ్‌టార్’ అను ఒక అధికారి మేలుకొనును. ‘ఆహారము వచ్చినది, కట్టుబడి మొదలుపెట్టుడు’ అని ఆ అధికారి ఉత్తరువు చేయును. ల్యూసిన్ వచ్చినదో లేదో కనిపెట్టి యుండు కావలివాడు ‘సెస్ట్రిన్-2’ అను మాంసకృత్తు అని 2015-16 సంవత్సరములలో అమెరికా పరిశోధకులు తెలియజేసిరి. క్లోమమునుండి ఇన్సులిన్ వెలువడుటకు కూడ ల్యూసిన్ తోడ్పడును. మన కుఱ్ఱవాని డబ్బామీద దీని పేరు మూడుచోట్ల ఉండుటకు కారణమిదియే. కండ పెంచుమని చెప్పు దూత గదా అని, వ్యాపారులు దూతనే డబ్బాలో పోసి అమ్ముచున్నారు.

కాని మేస్త్రి వచ్చి ‘గోడ కట్టుడు’ అని కేకవేసినంతమాత్రమున గోడ లేవదు. ఇటుకలుండవలెను, సున్నముండవలెను. తక్కిన ఎనిమిది ఆవశ్యక అమైనో ఆమ్లములును లేనిచో ల్యూసిన్ కేక వట్టి కేకయే.

పని తీరిన ల్యూసిన్ ఏమగును? తక్కిన అమైనో ఆమ్లములు చాలవఱకు కాలేయములో విఱుగగా, ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అను ముగ్గురు అన్నదమ్ములు మాత్రము ముందుగా కండరములలో విఱుగనారంభించును. తుదకు ల్యూసిన్ కొవ్వు వంటి ద్రవ్యములుగను, కీటోనులుగను మాఱును. దానినుండి శరీరము చక్కెరను నికరముగా చేసికొనజాలదు. ఈ విఱుగుడు పని చేయవలసిన ఎంజైము పుట్టుకతో లోపించినచో ఏమగునో 1954లో అమెరికాలో జాన్ మెంకెస్, ఆయన సహచరులు లోకమునకు తెలిపిరి. ఒకే కుటుంబములో నలుగురు శిశువులు పుట్టిన మూడునెలలలోపుననే మరణించిరి. ఆ శిశువుల మూత్రము కాచిన పాకమువలె వాసన వేయుచుండెను. ఖర్చు కాని ల్యూసిన్, దాని అన్నదమ్ములు రక్తములో పేరుకొని లేతమెదడును పాడుచేసినవి. నేడు ఆ వ్యాధిని పుట్టిన దినములలోనే పరీక్షచేసి కనిపెట్టి, ఆహారమును తూచి పెట్టి, బిడ్డను కాపాడుచున్నారు. లేనిదే బ్రదుకలేము, మిగిలినచో బ్రదుకనీయదు. లెక్కలు వ్రాయువానికి ఇది క్రొత్త సంగతి కాదు. జమాలోనిది ఖర్చుకు రాక ఒక్కచోట కూడుకొన్నను ఆ సంస్థకు చిక్కే.

ఇప్పుడు మన పాలమూరు జొన్నచేనిలోనికి రండు.

స్పెయిన్ దేశమున ఆస్టూరియస్ అను ప్రాంతములో గాస్పర్ కాసల్ అను వైద్యుడు 1735లో పేదరైతుల కొక వింతవ్యాధిని గుర్తించెను. ఎండ తగిలిన చేతులు, కాళ్లు, మెడ మొదట ఎఱ్ఱబడి, పిదప నల్లబడి, పొట్టుపొట్టుగా ఊడును. మెడచుట్టు హారమువలె నల్లని పట్టె ఏర్పడును. పిదప నోరు పూయును, విరేచనములు పట్టుకొనును. తుదకు మతి చలించును. ఆపైన మరణము. ఇటలీవారు దీనికి గరుకు చర్మమను అర్థమున ‘పెల్లాగ్రా’ అని పేరు పెట్టిరి. మొక్కజొన్నయే ముఖ్యాహారమైనచోట్ల ఇది ప్రబలెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున లక్షలాదిమంది దీని వాతబడిరి. అంటువ్యాధి యని అందఱు భయపడుచుండగా, 1914లో ప్రభుత్వము పంపిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు, ఇది అంటునది కాదు, ఆహారలోపమని వాదించెను. నమ్మనివారిని నమ్మించుటకు 1916లో ఆయన రోగుల రక్తమును తన దేహములోనికి ఎక్కించుకొనెను. ఆయన భార్యయు అట్లే చేయించుకొనెను. ఎవ్వరికిని వ్యాధి రాలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ ఆ లోపము నయాసిన్ అను విటమినుదని తేల్చెను. ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లమునుండి శరీరము ఈ నయాసిన్‌ను కొంత తానే చేసికొనగలదని పిదప తెలిసినది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నయాసిన్, ఇది ఆ మార్పిడి ధర.

మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. ఉన్న నయాసిన్ కూడ విడివడని రూపములో ఉండును. మొక్కజొన్నకు పుట్టినిల్లయిన మెక్సికోలో ప్రజలు దానిని సున్నపునీటిలో ఉడికించి వాడుదురు. ఆ సున్నము నయాసిన్‌ను విడిపించును. కావున అక్కడ ఈ వ్యాధి అంతగా ప్రబలలేదు. గింజను కొనిపోయిన యూరపు వారు వండు విధమును కొనిపోలేదు.

అయితే మన దక్కను పీఠభూమిలో మొక్కజొన్న కాక జొన్న తినువారిలో పెల్లాగ్రా ఏల కనబడవలెను? జొన్నలోని నయాసిన్, ట్రిప్టోఫాన్ బియ్యములో ఉన్నదానికి తీసిపోవు. బియ్యము తినువారికి రాని వ్యాధి జొన్న తినువారికి ఏల? ఈ ప్రశ్న వేసినవారు హైదరాబాదులోని పరిశోధకులు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ చిన్న విభాగముగా ప్రారంభించిన సంస్థ పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969నుండి దానిని జాతీయ పోషకాహార సంస్థ యందుము. అక్కడి కొలుతూరు గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య 1960లో ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో ఒక క్రొత్త ఆలోచనను ప్రకటించిరి. మొక్కజొన్నకును జొన్నకును గల పోలిక ఏది? రెంటిలోను ల్యూసిన్ అధికము. ఆ అధికమైన ల్యూసిన్ ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మాఱు దారికి అడ్డుపడుచున్నదేమో యని వారి అనుమానము.

వారు అనుమానముతో ఆగలేదు. రోగులకు ల్యూసిన్ ఇచ్చి మూత్రమును పరీక్షించిరి. కుక్కలకు జొన్న పెట్టి చూచిరి, వానికి నల్లనాలుక యను పెల్లాగ్రా వంటి వ్యాధి వచ్చెను. ల్యూసిన్ తక్కువగా గల జొన్న పెట్టినప్పుడు రాలేదు. ల్యూసిన్ అన్నదమ్ముడైన ఐసోల్యూసిన్ తోడైనప్పుడు దోషము తగ్గుచున్నదని 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ చెప్పిరి.

అప్రియమైనను నిజమైన మాట కూడ చెప్పవలెను. తరువాత ఇతర దేశములలో కొన్ని పరిశోధనాలయములు ఇవే పరీక్షలు చేయగా కొందఱికి ఇదే ఫలితము వచ్చినది, కొందఱికి రాలేదు. ఆ వాదము నేటికిని పూర్తిగా తేలలేదు. ల్యూసిన్ ఒక్కటే దోషి యని నేడెవరును తీర్పు చెప్పుట లేదు. అందఱును ఒప్పుకొనునది ఒకటే: పెల్లాగ్రా వచ్చినవారు జొన్న తినువారిలోనెల్ల పేదలు. జొన్నరొట్టెలో పాలు, పప్పు, మాంసము కలుపుకొన్నవారికి అది రాలేదు.

ఈ భాగము చదివి నేను నాకు అలవాటైన పని చేసితిని. కాగితముమీద జమాఖర్చు వ్రాసితిని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి లెక్క ప్రకారము పెద్దవానికి కిలో బరువుకు రోజుకు 39 మిల్లీగ్రాముల ల్యూసిన్, 30 మిల్లీగ్రాముల లైసిన్ కావలెను. అరువది కిలోల మనిషికి ల్యూసిన్ 2.3 గ్రాములు, లైసిన్ 1.8 గ్రాములు. ఆ మనిషి రోజంతయు అరకిలో జొన్న మాత్రమే తినెననుకొందము. సుమారు 50 గ్రాముల మాంసకృత్తు చేరును. అందులో ల్యూసిన్ 6 గ్రాములు, లైసిన్ ఒక్క గ్రాము. ఒక పద్దులో అవసరమునకు రెండున్నర రెట్లు జమ. ఇంకొక పద్దులో సగమునకు దగ్గఱగా తరుగు. కడుపు నిండినదే గాని లెక్క కుదరలేదు.

ఆ కాగితము చూచుచుండగా, ఇట్టి పద్దు ఎక్కడనో చూచితినన్న భావము కలిగెను. అటకమీదినుండి మా తాతగారి చిట్టా దింపితిని.

మా తాతగారు ఈ యూరి పట్వారీ. ఆ పదవులు 1984లో రద్దయినవి గాని, వారి వ్రాతలు మా యింట నిలిచియున్నవి. 1361 ఫసలీ, అనగా 1951-52 నాటి చిట్టాలో మా పొలములో పనిచేసిన ఒక జీతగాని లెక్క ఉన్నది. మొదటి పద్దు: నెల జీతము క్రింద జొన్నలు. పప్పు లేదు, పైకము లేదు, జొన్నలే. రెండవ పద్దు: ‘భార్యకు సుస్తి, పనికి రాని దినములు పదునొకండు, కోత.’ మూడవ పద్దు: ‘భార్య పోయినది, దినముల ఖర్చుకు అప్పు, జొన్నలు రెండు కుంచములు, కల్లమునాటికి వడ్డీతో.’ నాలుగవది: ‘వెనుకటి నిలువ మరుసటి యేటికి.’

మా తాతగారి అక్షరము ముత్యములవంటిది. కూడికలో ఎక్కడను తప్పు లేదు.

మా నాయనగారికి అప్పుడు పదేండ్లు. జీవించియున్నంతకాలము ఆయన అప్పుడప్పుడు ఆమెను తలచుకొనుచుండెడివారు. పశువుల కొట్టము నీడలో కూర్చుండెడిదట. చేతులమీద తోలు పొరలుపొరలుగా లేచియుండెనట. మెడకు నల్లని పట్టెడ పెట్టుకొన్నట్లు మచ్చ. మా యింటి పిల్లలు చూచి వెఱచెడివారట. తుదిదినములలో తన కొడుకునే ‘నీవెవరి పిల్లవాడవు?’ అని అడిగినదట. ఊరివారు గాలి సోకినదనిరి. వేపమండలతో దిగదుడిచిరి. మా నాయనమ్మ ఆమెను వాకిటికి రానీయవలదని చెప్పెను. నడివేసవిలో ఆమె పోయినది.

ఆమెను ఏ వైద్యుడును చూడలేదు. కావున అది పెల్లాగ్రాయే అని నిర్ణయించుటకు నాకు అధికారము లేదు. కాని కాసల్ వ్రాసిన లక్షణములను, మా నాయనగారి మాటలను, ఆ జీతపు పద్దును ప్రక్కప్రక్కన పెట్టి చూచిన నాడు నా చేయి వణికినది. ఆమె జబ్బుకు తోడ్పడిన గింజనే జీతమిచ్చితిమి. జబ్బు చేసినందుకు ఆ గింజలోనే కోత పెట్టితిమి. చనిపోయినందుకు ఆ గింజనే వడ్డీకిచ్చితిమి. తాతగారు క్రూరుడు కారు. ఊరిలో అందఱి ధర్మమును అదియే. ఆయన నెఱిగినది కొలత, ఎఱుగనిది కొలిచిన దానిలో ఏమున్నదో.

ఆ జీతగాని మనుమడు ఈ సభలోనే ఉన్నాడు, మన గ్రంథాలయ కార్యవర్గ సభ్యుడు. ముందుగా ఆ పద్దు ఆతనికి చూపి, ఆతడు అనుమతించిన పిదపనే ఈ కథ చెప్పుచున్నాను. చూచి ఆతడు చాలసేపు మాటాడలేదు. తరువాత, “అన్నా, ఇందులో మా నాయనమ్మ పేరు లేదే” అనెను. నిజమే. నాలుగు పద్దులలోను ‘భార్య’ అనియే ఉన్నది. ఆమె పేరు ఆతనికిని తెలియదు.

ఇది పాతకథ, ఇప్పుడేల అని అడుగవచ్చును. మన ప్రాంతమున ఆ వ్యాధి తరువాతి దశాబ్దములలో చాల తగ్గినది. బియ్యము చవుకగా అందినది, ఆహారములో రకములు పెరిగినవి. కాని లోకమున అది చావలేదు. 1990లో ఆఫ్రికాలోని మలావి దేశమున, మొజాంబిక్‌నుండి వచ్చిన శరణార్థులలో సుమారు 18,000 మందికి పెల్లాగ్రా వచ్చెను. వారికి సహాయముగా మొక్కజొన్న అందుచునే యున్నది, కాని దానితోపాటు ఇచ్చుచుండిన వేరుసెనగకాయలు అందుట మానినవి. మన చేలలో పండు వేరుసెనగయే! దోసెడు గింజలు వేలమందిని కాచుచుండెనని, అవి ఆగిన పిదప గాని తెలియలేదు.

నామాటవలన ఎవరును జొన్నను ద్వేషింపవలదు. జొన్న మంచిగింజ. వానలేని నేలలో మన తాతముత్తాతలను బ్రదికించినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన పిదప పట్టణములవారు కూడ దానిని వెదకి కొనుచున్నారు. జొన్నలో తప్పు లేదు, జొన్నను ఒంటరిగా విడుచుటలో తప్పు. రొట్టె ప్రక్కన పప్పుండవలెను. గింజలో కొఱవడిన లైసిన్ పప్పులో పుష్కలముగా నున్నది, పప్పులో కొఱవడిన మెథియోనిన్ గింజలో నున్నది. కొంచెము పెరుగు, గ్రుడ్డు, గుప్పెడు వేరుసెనగలు చేరినచో ట్రిప్టోఫాన్, నయాసిన్ లెక్కయు నిండును.

ఇక ఆ కుఱ్ఱవానికి నేనిచ్చిన జవాబు. మూడువందల గ్రాముల బియ్యము, అరువది గ్రాముల కందిపప్పు, ఒక గ్లాసు పాలు, వీనిలోనే మూడు గ్రాములకు పైగా ల్యూసిన్ ఉన్నదని వానికి లెక్క వ్రాసి చూపితిని. పరుగు సాధన చేయువానికి మాంసకృత్తు కొంత ఎక్కువ కావలెను. అది ఇంకొంత పప్పు, రెండు గ్రుడ్లు, ఇంకొక గ్లాసు పాలతో తీరును. ఆ డబ్బాలోని పొడి దేనితో చేసినదో తెలియునా? జున్ను చేయగా మిగిలిన పాలవిరుగుడు నీటితో. వాని తల్లి ఇంటి పాలను అమ్మి, ఆ పాలలోని అంశమునే ఎన్నో రెట్లు ధరపెట్టి తిరిగి కొనినది. ఈ మాట వినగానే ఆ పిల్లవాడు డబ్బా మూతవైపు చూచుచు, “మా అమ్మకు చెప్పకు పెదనాయనా” అనెను. నేను చెప్పలేదు. ఇప్పుడు సభలో ఆమె విన్నచో అది నా దోషము కాదు, గ్రంథాలయ రజతోత్సవముది!

సోదరులారా, 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిన పెద్దలు, శాస్త్రము తెలుగులోనికి రానిదే ప్రజలు బాగుపడరని తలచిరి. 1960లో మన గ్రామమునకు నూఱుమైళ్ల లోపున, మనవారి జబ్బును గుఱించియే, మనవారి జొన్నను గుఱించియే గొప్ప పరిశోధన జరిగినది. అది దూరదేశపు పత్రికలో అచ్చయినది. మన యూరికి వచ్చుటకు అరువదియేండ్లకు పైగా పట్టినది, అదియును ఒక పొడిడబ్బా నెపమున. ఈ ఆలస్యమును తగ్గించుటయే గ్రంథాలయము చేయవలసిన పని యని నా మనవి. కావ్యములను తగ్గింపుడని నేననను, అవి నాకు ప్రాణము. కాని కావ్యముల బీరువా ప్రక్కన ఆహారము, ఆరోగ్యము, వ్యవసాయములను గూర్చిన తెలుగు పుస్తకములకు ఇంకొక బీరువా కావలెను. దాని ఖరీదులో నా వంతుగా ఒక నెల జీతమును కార్యదర్శిగారికి ఈ ఉదయము అప్పగించితిని.

మఱొకటి కూడ తెచ్చితిని. ఈ గుడ్డలో చుట్టినది 1361 ఫసలీ చిట్టా. దీనిని గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. ఆహారశాస్త్రపు పుస్తకముల నడుమ దీని నుంచవలెనని కోరిక. పట్టికలో ఎక్కించునప్పుడు ఆ నాలుగు పద్దుల పుట సంఖ్యను ప్రక్కన వ్రాయుడు. ఊరిలో వృద్ధులెవరైనను ఆమె పేరెఱిగినచో కార్యవర్గ సభ్యుడైన మా తమ్మునితో చెప్పుడు. ఆ పేరును కూడ అక్కడ ఎక్కింపవలెను.